బడికి పరిచిన పెళ్లిబండలు

గవర్నమెంటు బళ్లు మంచివా, ప్రైవేటు బళ్లు మంచివా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను ముందు కాళ్ల కింద నేలకేసి చూస్తాను. నలభై ఏళ్లుగా ఇదే అలవాటు. నవ్వేవాళ్లు నవ్వనీ. నా చదువు ఒకప్పుడు నేల దగ్గరే ఆగిపోబోయింది. ఆ సంగతి చెప్పకుండా ఈ వాదనలో నాకు నోరు పెగలదు.

మాది మాచర్లకు కొంచెం ఎడంగా, నాపరాళ్ల క్వారీల పక్కన ఉన్న ఊరు. మా నాన్న క్వారీలో మేస్త్రి. అప్పటికింకా మండలాలు రాలేదు, సమితులే. ఊళ్లో ఉన్నది అయిదో తరగతి దాకా సమితి బడి. ఒకటే పొడుగాటి గది, దాని ముందు వసారా. ఇద్దరు మాస్టార్లు. చిన్న తరగతులు వసారాలో, నాలుగూ అయిదూ గదిలో. నేల మట్టిది. వాన పడ్డప్పుడల్లా గుంటలు పడేది. ఇంటి నుంచి తలా ఒక గోనెపట్టా తెచ్చుకుని, గుంట లేని చోటు కోసం పొద్దున్నే కొట్టుకునేవాళ్లం. నేను కొట్లాటలో తక్కువదాన్ని కాదు. నా చోటు గోడవారన, కిటికీ కింద. దాని జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

మా తమ్ముడు నాకన్నా రెండేళ్లు చిన్న. వాణ్ణి మాచర్లలో కాన్వెంటులో వేశారు. పొద్దున్నే మెటడోర్ వ్యాను వచ్చి హారన్ కొట్టేది. అమ్మ వాడి మెడలో ఎర్ర టై తగిలించి, మొహానికి పౌడరు అద్ది, టిఫిన్ బాక్సు చేతికిచ్చి వ్యాను దాకా వెళ్లి ఎక్కించి వచ్చేది. నేను గోనెపట్టా చంకన పెట్టుకుని నా అంతట నేను పోయేదాన్ని. కుళ్లుకునేదాన్ని, దాచుకోవడం దేనికి? ఒకసారి వాడి టై తీసి మేకపిల్ల మెడలో కట్టాను. అమ్మ వీపు విమానం మోత మోగించింది. ఇద్దరినీ కాన్వెంటుకు పంపే తాహతు మాకు లేదు. ఒకణ్ణి పంపాలంటే మగపిల్లాణ్ణే పంపుతారు. ఊళ్లో అన్ని ఇళ్లల్లోనూ అంతే కాబట్టి అందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నేను అయిదులోకి వచ్చాక మాత్రం భయం పట్టుకుంది. ఆరో తరగతికి మాచర్ల హైస్కూలుకు పోవాలి. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రాని రోజు రాళ్ల లారీ ఎక్కాలి. ఆడపిల్లను లారీ ఎక్కించే ప్రశ్నే లేదన్నాడు నాన్న. "ఊళ్లో ఆరు వస్తే చదువుద్ది. రాకపోతే మీ అమ్మెంబడి క్వారీకి వస్తది. ఏం, ఊళ్లో ఆడపిల్లలంతా రావట్లా?" అన్నాడు. మా పక్కింటి అక్క కిందటేడు దాకా నాతోనే బడికొచ్చేది. అయిదు అయిపోగానే తట్ట నెత్తికెత్తారు. బండలు తీసిన చోట మిగిలే రాతిముక్కలు ఎత్తిపోయడం ఆడవాళ్ల పని. ఆ అక్క చేతులు ఆరు నెలల్లో మా అమ్మ చేతుల్లా అయిపోయాయి. నేను నా చేతులకేసి చూసుకుంటూ పడుకునేదాన్ని.

నా ఆశంతా మా పెద్ద మాస్టారి మీదే. ఆయనది గురజాల దగ్గర ఊరు. మా ఊళ్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాడు, శనివారం మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోయి సోమవారం పొద్దున్నే దిగేవాడు. చిన్న మాస్టారూ అంతే. బడికి ఇంకో గది కట్టించమని ఆయన ఎన్నేళ్లుగానో అర్జీలు పెడుతున్నాడు. గది వస్తే ఆరో తరగతి ఇస్తామని పైవాళ్లు మాటిచ్చారు. ఆ ఏడు మా వైపు ఒక్క గదికే డబ్బు వచ్చిందట. మా ఊరు, ఇంకో ఊరు వరసలో ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు రెండూ చూసి, ఏ బడి అధ్వానంగా ఉంటే దానికి రాస్తాడట. అధ్వానంలో మమ్మల్ని మించినవాళ్లు లేరని మాస్టారికి ధైర్యం. ఈ లెక్క ఆయన అప్పుడు ఎవరికీ చెప్పలేదు, మాకు తరవాతే తెలిసింది.

ఆ శనివారం బడి వదిలేముందు ఆయన నన్ను పిలిచాడు. "అమ్మాయ్, సోమవారం ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. మీ నాన్నతో చెప్పు, ఊళ్లో అందరికీ చెప్పమను. ఎవరూ ఏమీ చెయ్యొద్దు. ఏ శ్రమా పడొద్దు. ఉన్నది ఉన్నట్టుగా చూడనియ్యండి" అన్నాడు. నేను పొల్లు పోకుండా అప్పజెప్పాను. నాన్న తలపాగా విప్పి దులుపుకుంటూ నవ్వాడు.

"మాస్టారు చానా మొహమాటస్తుడే" అన్నాడు అమ్మతో.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లైనా, మగపెళ్లివారు వచ్చే ముందు క్వారీ ఇళ్లవాళ్లంతా తలా ఒక మంచి బండ మోసుకొచ్చి ఆ ఇంటి ముంగిట పరుస్తారు. వియ్యాలవారు మట్టిలో అడుగుపెట్టకూడదు. కూలి లేదు, అడగడం లేదు, అది మర్యాద. పరిచిన బండ ఇక ఆ ఇంటిదే. ఏ వాకిట్లో ఏ బండ ఎవరిదో, ఎవరి పెళ్లికి వచ్చిందో ముసలమ్మలు కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు. పెళ్లికి ముందు మగపెళ్లివారి నుంచి కబురు కూడా వస్తుంది: "ఏమీ చెయ్యొద్దు, ఏ శ్రమా పడొద్దు." అచ్చం ఇవే మాటలు. ఆ మాట నమ్మి ఎవరైనా చేతులు ముడుచుకుని కూచుంటే వాళ్లకు మళ్లీ ఊళ్లో తలెత్తుకునే మొహం ఉంటుందా?

ఆదివారం క్వారీకి సెలవు. పొద్దున ఎండ ఎక్కకముందే నాన్న ఊరంతా కేకేసుకుంటూ బయల్దేరాడు. "ఒరేయ్, బండల ఊళ్లో బడికి మట్టి నేలంటే ఆ పెద్దమనిషి నవ్వడంట్రా! రాండి, రాండి!" అంటూ. ఎద్దుబళ్లు కట్టారు. దాచుకున్న బండలు బయటికొచ్చాయి. కూతురి పెళ్లికని పక్కన పెట్టుకున్న బండను ఒక మామ తెచ్చి ఇచ్చేశాడు, దాని పెళ్లికి ఇంకో రెండేళ్లుందిలే అని. గుంటలు పూడ్చారు, ఇసక పోశారు, రసమట్టం పెట్టి చూసుకున్నారు. నాన్న మోకాళ్ల మీద కూచుని ఒక్కో బండనూ సుత్తి చెక్కపిడితో తట్టి, మోత విని, నచ్చకపోతే లేపి మళ్లీ పరిచేవాడు. ఆడవాళ్లు గోడలకు సున్నం వేశారు. నేను ఇసక మోశాను. చెప్పొద్దూ, నా జీవితంలో అంత సంతోషంగా పని చేసిన రోజు ఇంకోటి లేదు. నా ఆరో తరగతికి నేనే పునాది వేస్తున్నాననుకున్నాను. కిటికీ కింద నా చోట ఏ బండ వెయ్యాలో నేనే చూపించాను. నీలంగా, నున్నగా, ఎక్కడా మచ్చ లేనిది. సాయంత్రానికి అంతా అయిపోయింది. బిందెలతో నీళ్లు తెచ్చి కడిగితే గది కప్పు నేలలో కనపడింది.

సోమవారం పొద్దున పెద్ద మాస్టారు బస్సు దిగి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. మేమంతా శుభ్రంగా తల దువ్వుకుని వరసగా నిలబడి, ఆయన సంతోషిస్తాడని చూస్తున్నాం. ఆయన సంచీ కింద పెట్టి, గోడకు చెయ్యానించి, "ఎవరు... ఎవరు చేశారే ఇది?" అన్నాడు. "ఊరంతా చేశామండీ! నేను ఇసక మోశానండీ!" అన్నాను నేను. ఆ మాట ఇవాళ తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఆయనకు ఏం చేసే వ్యవధీ లేదు. అప్పటికే జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు మంచివాడే, ఆయన్ని అనకూడదు. లోపలికి వస్తూ నేల చూసి, చెప్పులు బయట విడిచాడు. బడిలో చెప్పులు విడిచిన ఆఫీసరును మేం అదే చూడటం. మా నాన్న వసారాలో నిలబడి ఛాతీ పొంగించాడు. "అబ్బబ్బ! ఏం పరిచారయ్యా! మా ఆఫీసులో కూడా ఇట్లాంటి నేల లేదు" అన్నాడాయన. పెద్ద మాస్టారు పక్కనే నడుస్తూ, నిన్నటి దాకా ఇట్లా లేదండీ, గుంటలండీ, ఊరివాళ్లు తెలియక చేశారండీ అని మెల్లగా చెబుతూనే ఉన్నాడు. ఆయన అంతా విని, "మాస్టారూ, మీ మాట నేను నమ్ముతాను. కానీ నేను చూసిందే రాయాలి గదా" అన్నాడు. కాగితంలో నేల అని ఒక గడి, గోడలు అని ఒక గడి. రెండింట్లోనూ బాగున్నట్టే రాశాడు. ఎవరు బాగు చేశారు అనే గడి ఆ కాగితంలో లేదు.

నెల తిరక్కుండానే గది ఆ రెండో ఊరికి పోయింది. ఆరో తరగతి దానితోపాటే పోయింది.

కబురు తెలిసిన రోజు మాస్టారు నాన్నను బడికి పిలిపించాడు. నేను కిటికీ కింద నా బండ మీదే ఉన్నాను. "చెప్పి పంపాను గదయ్యా! ఏమీ చెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను గదా!" అని అరిచాడు. ఆయన అరవగా నేను వినడం అదొక్కసారే.

నాన్నకు అప్పటికీ అర్థం కాలేదు. "పెద్దమనిషి వత్తంటే మట్టిలో కూకోబెడతామా అండీ? మాకు మర్యాద ఉండొద్దా?" అన్నాడు.

"మర్యాదకు గది రాదయ్యా. మురికికి వస్తుంది" అన్నాడు మాస్టారు. అని, కుర్చీలో కూలబడి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఎవరో బండలు పీకేసి మళ్లీ అర్జీ పెడదామన్నారు. నాన్న ఇంతెత్తు లేచాడు. పరిచిన బండను మా ఊళ్లో పీకరు. పెళ్లి పెటాకులైతే తప్ప ఆ పని చెయ్యరు. అందులోనూ కూతురికని దాచింది ఇచ్చినవాడు ఉన్నాడాయె.

ఆ తరవాత శెట్టిగారి కొట్టు ముందు రోజూ ఇదే గొడవ. శెట్టిగారి పిల్లలు ముగ్గురూ కాన్వెంటే. "గవర్నమెంటుదేదైనా ఇంతేనయ్యా. ఆ కాన్వెంటాయన ఎవరికన్నా అర్జీ పెట్టాడా? మన ఫీజులతో మూడు గదులు లేపాడు. డబ్బిచ్చేవాడి మాట చెల్లుద్ది. మీరూ మాన్పించి అక్కడే వెయ్యండి, పీడా పోద్ది" అనేవాడు. కూతురి బండ ఇచ్చిన మామ ఊరుకునేవాడు కాదు. "మరి ఇయ్యలేనోడి పిల్లలు ఏం గావాల? ఉన్నోళ్లంతా వ్యాను ఎక్కిపోతే ఇంక ఈ బడి గురించి అడిగే నోరున్నోడు ఎవుడు? నువ్వు ఒక్కనాడు వచ్చి అడిగుంటే ఆ ఇన్‌స్పెక్టరు అట్టా రాసేవాడా?" అనేవాడు. నాకు పదేళ్లు. ఉప్పు పొట్లం చేతిలో పట్టుకుని ఇద్దరి మాటా వినేదాన్ని. ఇద్దరిదీ నిజమే అనిపించేది. ఇప్పటికీ పెద్దపెద్దవాళ్లు వేదికల మీద చెప్పేది ఆ ఇద్దరూ చెప్పినదానికన్నా ఎక్కువేమీ లేదు.

ఇంట్లో మాత్రం వాదన లేదు. అమ్మ ఒక్కమాటే అంది, అన్నం వడ్డిస్తూ. "నువ్వు పరిచిన బండలు పిల్ల చదువు మీద పడ్డయ్యి." నాన్న కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. నా కోసం చిన్న తట్ట ఒకటి తెచ్చి గూట్లో పెట్టి ఉంది. కొత్తది, ఇంకా మన్ను అంటలేదు. నేను దానికేసి చూడకుండా అటు తిరిగి తినేదాన్ని.

వేసవి సెలవులకు బళ్లు మూసే ముందు ఒకరోజు నాన్న క్వారీకి పోలేదు. తెల్లచొక్కా వేసుకుని తమ్ముడితోపాటు వ్యాను ఎక్కాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ తిరిగి వచ్చారు. తమ్ముడి మొహం ఉబ్బి ఉంది. నాన్న అమ్మ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. అది వాడి టి.సి.

"వీడు ఇంక ఊళ్లో బళ్లో సదువుకుంటాడు. వీడి ఫీజూ వ్యాను ఖర్చూ పిల్ల బస్సుకూ బుక్కులకూ సరిపోద్ది. బస్సు రాకపోతే సైకిలు మీద నేను దింపొత్తా" అన్నాడు.

పిల్ల చదువు మీద బండలు పడ్డాయన్న అమ్మే, "మగపిల్లోణ్ణి మాన్పిచ్చి ఆడపిల్లనా? నలుగురూ నవ్వరా?" అంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. గెంతాలనిపించింది, గెంతలేదు. ఎందుకంటే తమ్ముడు ఆ ఎర్ర టై మెడలో ఉంచుకునే నాన్న పంచె పట్టుకుని అడిగాడు. "నేనేం తప్పు చేశా నాన్నా? మొన్న లెక్కల్లో ఫస్టొచ్చా గదా?"

నాన్న వాడి ముందు గొంతుక్కూచున్నాడు. "నువ్వు కాదురా. తప్పు నాది. తీర్చడానికి నా దగ్గర ఇంకేం లేదురా అయ్యా" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ ఏడుపు లోపల ఎక్కడో బతికిపోయానన్న సంతోషం ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉంది.

ఊరు నవ్వింది. శెట్టిగారు నాన్నను పిచ్చివాడన్నాడు. జూన్‌లో నేను బస్సెక్కాను. తమ్ముడు నా పాత గోనెపట్టా చంకన పెట్టుకుని సమితి బడికి పోయాడు. కొత్తచొక్కాలు లేవు, కాన్వెంటు యూనిఫారమే వేసుకుపోయాడు. పిల్లలు 'దొరగారొచ్చారు' అని ఏడిపించారట. మొదటిరోజు సాయంత్రం నేను బస్సు దిగి పరుగున ఇంటికొచ్చి ఎట్లా ఉందిరా అని అడిగాను. వాడు "కిటికీ కింద నీ బండ మీద కూచున్నానక్కా. చల్లగా ఉంది" అన్నాడు. అంతకుమించి ఆ విషయం వాడు ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నేను పది పాసై, ఇంటరు చదివి, ట్రైనింగు చేసి టీచరునయ్యాను. ఈ పల్నాట్లోనే గవర్నమెంటు బళ్లల్లో ముప్పై ఏళ్లు గడిపాను. వాడు పదిలో తప్పాడు, మళ్లీ రాయలేదు. నాన్నతో క్వారీకి పోయాడు. ఇప్పుడు బండలకు నునుపు పట్టే మిషన్లు రెండు పెట్టుకున్నాడు, డబ్బుకు నాకన్నా బాగానే ఉన్నాడు. అయినా బ్యాంకు కాగితం ఏదొచ్చినా నా దగ్గరికి పట్టుకొస్తాడు. అది నేను చదివి చెబుతుంటే వాడు నా మొహంకేసి కాకుండా నా చేతులకేసి చూస్తుంటాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా కొడుకును నేను ప్రైవేటులోనే చదివించాను. గవర్నమెంటు టీచరునై ఉండీ. ఎందుకు అని అడిగితే నా దగ్గర శెట్టిగారి జవాబే ఉంది.

మొన్న వేసవిలో మా ఊరి బడికి పిల్లలు చాలడం లేదని, దాన్ని పక్క ఊరి బడిలో కలిపేస్తారని తెలిసింది. నేనిప్పుడు పనిచేసేది మా ఊరి బడిలోనే. ఆ గదే, ఆ నేలే. ఒక్క బండ కదల్లేదు. పిల్లల్ని చేర్పించమని ఎండలో ఇంటింటికీ తిరిగాను. తిరిగి తిరిగి తమ్ముడింటికి వెళ్లాను. వాడి మనవరాలికి అయిదేళ్లు. దాన్ని బడిలో వెయ్యమన్నాను. గవర్నమెంటు బడి బతకాలంటే ఎవరో ఒకరు ముందు తమ ఇంటి నుంచి పంపాలి గదరా, అందరూ పక్కవాడి పిల్లను పంపమంటే ఎట్లా అని గట్టిగానే మాట్లాడాను. వాడు అంతా విన్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చాడు. కోపం లేదు వాడి మొహంలో, నవ్వుతున్నట్టే ఉన్నాడు.

"మనింట్లోంచి ఒకణ్ణి పంపాం గదక్కా" అన్నాడు. "చాలదా?"